పెద్దాయన సీటు

పళ్ళ డాక్టరు వీధిలో గొంతుక్కూర్చుని, పాత టూత్‌బ్రష్‌తో కారు చక్రాలు తోముతున్నాడు.

రెండే సీట్లున్న పాత రేసు కారు. ఎర్రరంగు వెలిసి ఇటుక రంగులోకి దిగింది. తుక్కు కొట్టువాడు ముక్కలు చేయబోతుండగా డాక్టరు కంటబడి బతికిపోయింది.

“మీ దగ్గర నోరు తెరిచి కూర్చునేవాళ్ళకి కూడా ఇంత శ్రద్ధగా గార తీయరు,” అంది భార్య గుమ్మంలోంచి.

“వాళ్ళు కదులుతారు. ఇది కదలదు.”

“అదేగా నా బాధ. కదలని కారు తెచ్చారు.”

అంతలో చేతికర్ర చప్పుడు వినిపించింది. వీధి చివరింట్లోకి కొత్తగా వచ్చిన ముసలావిడ. రోజూ సాయంత్రం నడకకని బయల్దేరుతుంది. కారు దగ్గరికి రాగానే ఆ నడక కాస్తా ఆగిపోతుంది.

“పసిపిల్లకి నీళ్ళు పోసినట్టుంది నాయనా. లోపల ఒక్కసారి కూర్చోనా?”

డాక్టరు బ్రష్ ఆపాడు. సీట్లకు కొత్త తోలు వేయించి దుప్పటి కప్పి ఉంచాడు. కన్నకూతురు ఎంత గారాలు పోయినా ఎక్కనివ్వలేదు.

“ఏమనుకోకండమ్మా. ముందు ఒక పెద్దాయన కూర్చోవాలి. తర్వాతే ఎవరైనా.”

“ఎవరాయన?”

“నాకు బాగా కావలసిన మనిషి.”

అంతకు మించి చెప్పలేదు. ఆ కథ ఎత్తుకుంటే ఆవిడ ఇక్కడే పాతుకుపోతుందని భయం.

ఆవిడ నవ్వింది. “అలాగే. ఆయన కూర్చున్నాక నన్ను పిలువు.”

డాక్టరు చిన్నప్పుడు ఒక కొండదారి మీద కార్ల పందెం జరిగింది. నాన్న భుజాల మీద ఎక్కించుకుని తీసుకెళ్ళాడు. పందెం ముగియగానే జనం దారిమీదకు విరుచుకుపడ్డారు. ఆ తోపులాటలో నాన్న చెయ్యి జారిపోయింది.

అందరి మోకాళ్ళ మధ్య నలుగుతూ ఏడుస్తున్న పిల్లవాణ్ణి, గెలిచిన ఎర్రకారులోంచి ఒక మనిషి దిగి ఎత్తుకున్నాడు. తలకు హెల్మెట్, కళ్ళకు అద్దాలు, మూతికి దుమ్ము పడకుండా గుడ్డ. బహుమతికి అవతల పిలుస్తున్నా వెళ్ళకుండా, పిల్లవాణ్ణి పక్కసీట్లో కూర్చోబెట్టుకుని, నాన్న కనబడేదాకా ఆ జనంలోనే మెల్లగా కారు నడిపాడు.

నాన్న కొడుకును గుండెకు హత్తుకుని ఏడ్చాడు. తేరుకుని చూసేసరికి కారు వెళ్ళిపోయింది. “ఆ మహానుభావుడికి ఒక దండమైనా పెట్టలేదురా,” అని కన్నుమూసేదాకా నొచ్చుకుంటూనే ఉన్నాడు.

అందుకే నంబరు గుర్తుపెట్టుకుని ఆ కారునే వెతికి పట్టుకున్నాడు డాక్టరు. ఆ మనిషి ఆచూకీ కూడా కనుక్కోమని మెకానిక్‌కు చెప్పి ఉంచాడు. ఆ సీట్లో ఆయన్ని ఒక్కసారి కూర్చోబెడితే, నాన్న మనసు చల్లబడుతుందని ఆశ.

కారు పని పూర్తయ్యే వేళకు ముసలావిడ రావడం మానేసింది.

“కోపం వచ్చిందేమో,” అన్నాడు డాక్టరు.

“కూర్చోబెడితే అరిగిపోయేదా?” అంది భార్య.

ఓ ఉదయం మెకానిక్ ఫోన్ చేశాడు. “సార్, మీ కారు నడిపిన మనిషి అడ్రసు దొరికింది. మీ వీధేనట. చివరిల్లు.”

డాక్టరు ఫోన్ పెట్టేశాడు. అంటే ఆ ముసలావిడ భర్తన్నమాట. చంకలో పిల్లవాణ్ణి ఉంచుకుని ఊరంతా వెతికినట్టయింది తన పని.

దుప్పటి తీసేసి కారు తీసుకెళ్ళి ఆ ఇంటి ముందు ఆపాడు. నడివయసు స్త్రీ తలుపు తీసింది.

“అమ్మగారి భర్తని చూద్దామని వచ్చాను.”

“ఆవిడ మా మేనత్త, పెళ్ళే చేసుకోలేదండీ.” ఆమె చూపు కారు మీద పడి అక్కడే ఆగిపోయింది. “మీరేనా డాక్టరుగారు? అత్తయ్య పోయినవారం నిద్రలోనే వెళ్ళిపోయింది.”

డాక్టరు గుమ్మంలోనే నిలబడిపోయాడు.

“అసలు సంగతి చెప్తే కూర్చోనిస్తారు కదా అని ఎంత పోరినా వినలేదండీ,” అంది ఆమె కళ్ళు తుడుచుకుంటూ. “‘ఒకప్పుడు నేను తోలిన బండి అని చెప్పుకుని ఎక్కడమేమిటే, ముందు ఆ పెద్దాయన్ని కూర్చోనీ’ అనేది.”