పాదాల కింది పైపు

భర్తతో కాళ్లు పట్టించుకుంటే పాపమని, ఎంత నొప్పి ఉన్నా ప్రమోదిని తన పాదాలు ముట్టనిచ్చేది కాదు. వాళ్ల ఊరు ఇచ్చోడలో చలి ఊరుకోదు. అందుకే బాలకిషన్‌రావు పెరటి బాయిలర్ నుంచి ఆమె మంచం కిందికి వేడినీళ్ల పైపు వేశాడు.

ఆ రాత్రి నీళ్లు తోసే పంపు ఆగిపోయింది. ఆయన టార్చి పక్కన పెట్టుకుని పెరట్లో దాన్ని విప్పాడు. అప్పటికే బాయిలర్ మంట ఆరిపోయింది. పైపు మంచులా తగిలింది.

కిటికీలోంచి ప్రమోదిని గొంతు నిద్రమత్తుగా వినిపించింది.

“పంపు సంగతి రేపు సూద్దురుగని. మీ చేతులు గింత వెచ్చగుంటయని తెల్వకపాయె. జర గట్లనే పట్టుకోండ్రి నా పాదాలు.”

బాలకిషన్‌రావు తన చేతులు చూసుకున్నాడు. రెండింటి నిండా గ్రీజు, చల్లటి ఇనుము.

కేక పెట్టబోయి ఆగాడు. లోపల ఆమె హాయిగా నవ్వుతోంది.