ఎడమ చుట్టు

"జయమణీ, ఈ బుట్టలు నావి కావే."

నందిగామ ప్రదర్శనకు బుట్టలు మూట కడుతున్న మా చేతులు ఆగిపోయాయి. పెనుగంచిప్రోలులో పదకొండుమంది ఆడవాళ్ళం సంఘంగా కూడి తాటాకు బుట్టలు అల్లుతున్నాం. మా అందరికీ అల్లిక నేర్పింది నాగూర్‌బీ పిన్నే. ఇప్పుడామెకు చూపు ఆనడం లేదు; బుట్టల అంచులు వేళ్ళతో తడిమి చూస్తోంది.

"నీ పేరు చీటీలే ఉన్నాయిగా పిన్నీ," అన్నాను.

"చీటీలు కళ్ళున్నోళ్ళకి. నాది ఎడంచేతి వాటం, నా అంచు చుట్టు ఎడమకి తిరుగుద్ది. ఇవన్నీ కుడికి తిరిగినయ్యి." మరో బుట్ట తడిమింది. "ఎన్నాళ్ళ నుంచే?"

"క్రిస్మస్ నుంచి. నీ అల్లిక వదులైపోతోంది పిన్నీ. కొన్నవాళ్ళు తిప్పి పంపితే బాధపడతావని, వంతులేసుకుని నీ పేరున మేమే అల్లాం."

ప్రార్థన చేసుకున్నాకే ఆ నిర్ణయం తీసుకున్నాం. దేవుడు మెచ్చే పనే అనుకున్నాను.

"మరి నేనల్లినవి?"

మాలో ఒకతైన జాయిస్ టీ కాస్తున్న పొయ్యిలో తాటాకు చిటపటలాడింది.

పిన్ని అటు చెవి పెట్టి వింది. చాలాసేపు వింది.

"బాగా అంటుకుంటయ్యిలే, ఎండినియ్యేగా," అంది. "అయితే ఇన్నాళ్ళూ నాకు పోసిన టీ వాటి మీద కాసిందేనన్నమాట."

టీ కోసం పక్కన పెట్టుకున్న గ్లాసు దూరంగా జరిపి, గోడ తడుముకుంటూ లేచింది. చెయ్యి పట్టుకుని గడప దాటించడానికి మాలో ఒక్కరికీ మొహం చెల్లలేదు.