శుక్రవారం కాసెట్టు

"ఏం తాతా, ఆ పిల్ల ఎవురికి దక్కిందో ఇంగా తేలలేదా?"

రూవి అనే గల్ఫ్ ఊళ్లోని తన వీడియో షాపుకు గురవయ్య రాగానే కమ్రాన్ ఇలాగే ఆటపట్టించేవాడు.

కూతురి దగ్గరికి వచ్చి ఉంటున్న ఆ ముసలాయన ప్రతి శుక్రవారం స్టూలు లాక్కుని టీవీ ముందు కూర్చునేవాడు. చూసేది ఒకే సినిమా. సినిమాలకు మాటలొచ్చిన తొలినాళ్లది. ఇద్దరు సిపాయిలు, ఒక రాకుమారి, ఆమె కోసం కత్తియుద్ధాలు.

చివర్లో రాకుమారి గుర్రమెక్కి పాడుతుంటే గురవయ్య కళ్లు మూసుకునేవాడు. చూసేవాడు కాదు, వినేవాడు. వారమంతా ఆయన బతికేది ఆ పాట కోసమే.

"ఇద్దరిలో ఎవరికీ దక్కలేదు బాబూ," అనేవాడు నవ్వి.

"పెద్ద సిపాయి చేసుకున్యాడు గదా! కండ్లు మూసుకుంటే ఎట్ల తెలుస్తాది?"

ఇంతలో షార్జాలో క్రికెట్ ఫైనల్ మ్యాచ్ వచ్చింది. రికార్డింగ్ కావాలని చుట్టుపక్కల రూముల్లో ఉండే కుర్రాళ్లంతా ఎగబడ్డారు. ఖాళీ కాసెట్లు అయిపోయాయి. కమ్రాన్ చెయ్యి, అద్దెకు అడిగే నాథుడు లేని ఆ పాత సిపాయిల కాసెట్టు మీద పడింది. సినిమా చెరిగిపోకుండా అంచున విరిచేసిన చోట టేపు ముక్క అంటిస్తే దాని మీద మళ్లీ రికార్డు చేయొచ్చు. అంటించి, మ్యాచ్ ఎక్కించేశాడు. ముసలాయన ఇంకో సినిమాకు అలవాటు పడతాడులే అనుకున్నాడు.

శుక్రవారం గురవయ్య వచ్చాడు. సంగతి విని, లాక్కున్న స్టూలును మళ్లీ గోడ వారకు జరిపాడు.

"ఇంకోటి లేదా బాబూ?"

"యాడా లేదు తాతా. ఉండేది అదొక్కటే."

"పోనీలే. మనవాళ్లు గెలిచారా?"

"ఓడినారు."

మరుసటి శుక్రవారం ఆయన రాలేదు. ఆయన కూతురు అన్నపూర్ణ వచ్చింది.

"ఆ సిపాయిల కాసెట్టు తిరిగొచ్చిందా తమ్ముడూ? ఎవరో అద్దెకు పట్టుకెళ్లారని నాన్న అన్నారు. వారం నుంచీ అన్నం సయించడం లేదాయనకి."

కమ్రాన్ తల దించుకుని నిజం చెప్పాడు. ఆమె కౌంటరు పట్టుకుని నిలబడింది.

"ఆ రాకుమారి మా అమ్మ. నన్ను కని పోయింది. ఆ గొంతు ఇంకెక్కడా లేదు."



"అంటే... తాత ఆ సిపాయిల్లో ఒగరా అక్కా?"

"కాదు. ఆమె పాడుతుంటే, గుర్రం కళ్లెం పట్టుకుని పక్కన నడుస్తాడే, అతను."