పూలకుండీలో రాయి

మార్చి నెల, ఆదివారం పొద్దున. కెనడాలోని మిల్టన్‌లో ఒక టౌన్‌హౌస్ వరస ముందు, ఇరవై పౌండ్ల సోనా మసూరి బియ్యం బస్తాను బ్యాక్‌ప్యాక్‌లో కుక్కుకుని మధుమిత ఈ చివర నుంచి ఆ చివరికి నడుస్తోంది.

వెనకాలే భర్త సాకేత్ ఫోన్లో టైం చూస్తున్నాడు.

"స్పీడ్ పెంచు మధూ. ఇలా నడిస్తే కనుమ దాటేది వచ్చే జన్మలోనే."

మే నెలాఖరుకి ఇద్దరూ పెరూ వెళ్తున్నారు. లిమా, కుస్కో చూసుకుని, ఐదు రోజులు కొండల్లో నడిచి వైరా కాసా అనే కనుమ దాటాలి. అక్కణ్నుంచి బొలీవియా, ఆఖర్న బ్యూనస్ ఎయిర్స్.

రైలు స్టేషన్ మెట్లకే ఆయాసపడే మధుమితకి ఆ కనుమ ఒక పంతం. పదిహేను వేల అడుగుల ఎత్తు, తన కాళ్ల మీదే ఎక్కాలి.

"ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కుతుందట. నడవలేనివాళ్లకి గుర్రం ఉంటుందట్లే, కనుక్కున్నా," అన్నాడు సాకేత్.

"గుర్రం నువ్వెక్కు," అంది.

వాళ్ల వరసలో ఇళ్ల ముందు మంచు తీసే ముసలాయన, పార ఆపి వాళ్లనే చూస్తున్నాడు. నాలుగు శీతాకాలాలుగా చూస్తున్నారు గానీ ఆయన పేరు ఎప్పుడూ అడగలేదు. ఇంట్లో వీళ్లు పెట్టుకున్న పేరు మంచు తాత. మెషిన్ ఇస్తామన్నా వద్దని పారతోనే తీస్తాడట. తెల్లారకముందే ఆ చప్పుడుకి నిద్ర చెడుతోందని సాకేత్ ఒకసారి కంప్లైంట్ కూడా పెట్టాడు.

తాత దగ్గరికొచ్చాడు. ఎవరూ అడక్కుండానే బ్యాగు దింపించి, బస్తా వీపుకి ఆనేలా మళ్లీ సర్దాడు. మోకాలి మీద కూర్చుని ఆమె బూట్ల లేసులు విప్పి, చీలమండ దగ్గర రెండు మెలికలు వేసి వేరే రకంగా కట్టాడు.

"మెల్లగా," అన్నాడు వచ్చీరాని ఇంగ్లిష్‌లో. "నడుస్తూ మాట్లాడాలి. మాట ఆగితే కాలు ఆపు."

"థాంక్స్ అంకుల్, మాకు యాప్ ఉంది," అన్నాడు సాకేత్.

"ఎక్కడికి?"

మధుమిత కనుమ పేరు చెప్పింది. తాత పార తీసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు తలుపు కొట్టి, కోడిగుడ్డంత తెల్లరాయి ఆమె చేతిలో పెట్టాడు.

"పైన రాళ్లకుప్ప ఉంటుంది. అక్కడ పెట్టు. ప్లీజ్."

"తప్పకుండా," అంది మధుమిత.

ప్రయాణం రోజు సాకేత్ బ్యాగు తూచాడు. బరువెక్కువైంది.

"పెరూలో రాళ్లకి కరువొచ్చిందా, ఇక్కణ్నుంచి మోసుకెళ్లడానికి? కనుమ మీద ఏదో ఒకటి పెట్టేస్తే సరి. ఆయన చూడొచ్చాడా?"

మధుమితకి నవ్వొచ్చింది. రాయి తీసి గుమ్మం పక్కనున్న పూలకుండీలో వేసింది. ఆ జాగాలో గోంగూర పచ్చడి ప్యాకెట్ పట్టింది.

నడక నాలుగో రోజు మధ్యాహ్నానికి, యాప్ చెప్పిన స్పీడులో పోయిన సాకేత్ తల పట్టుకుని కూలబడ్డాడు. గుర్రం అతనికే అవసరమైంది.

మధుమిత లేసులు తాత కట్టినట్టే కట్టుకుంది. మాట ఆగకూడదని పదమూడో ఎక్కం చదువుతూ ఎక్కింది. పదమూడు ఏడులు తొంభై ఒకటి దగ్గర మాట ఆగితే కాలు ఆపింది. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.

అలాగే కనుమ ఎక్కేసింది. అంత ఆనందం ఆమెకి ఈమధ్య ఎప్పుడూ కలగలేదు.

గైడ్ ఎల్మెర్ చప్పట్లు కొట్టబోయి, ఆమె బూట్ల వైపు చూసి ఆగాడు.

"ఈ ముడి ఎవరు నేర్పారు?"

"మా ఊళ్లో ఒక ముసలాయన. మా ఇళ్ల ముందు మంచు తీస్తాడు."

ఎల్మెర్ టోపీ తీసేశాడు.

"సెవెరినో. ఈ దారిలో గైడ్లందరికీ ఈ ముడి నేర్పింది ఆయనే. అయితే ఈసారి రాయి మీరు తెచ్చారన్నమాట," అని చెయ్యి చాపాడు.

గుర్రం మీద సాకేత్ తల తిప్పుకున్నాడు.

"ఏం రాయి?" అంది మధుమిత. అడగ్గానే సిగ్గేసింది.

ఎల్మెర్ రాళ్లకుప్ప మొదలు వైపు చూపించాడు. నల్లరాళ్ల మధ్య ఒక వరసలో తెల్లరాళ్లు, మొత్తం పదకొండు.

"కెనడా నుంచి ఏటా ఒకటి పంపిస్తాడు, ఇటు వచ్చేవాళ్ల చేత. ఈ ఏడాది ఇంకా రాలేదు."

"ఎవరి కోసం?"

"భార్య ఫెలీసియా కోసం. ఇద్దరూ కలిసి గైడ్ పని చేసేవాళ్లు. పన్నెండేళ్ల కిందట ఆరుగురు టూరిస్టులు ఇక్కడ మంచు తుపానులో చిక్కుకున్నారు. 'ముందు వాళ్లని దింపు, నేనిక్కడే ఉంటా' అంది ఆవిడ. ఆరుగుర్నీ దింపి ఆయన తిరిగొచ్చేసరికి ఆవిడ లేదు. అంతా మంచే."

మధుమిత వంగి కాళ్ల దగ్గర ఒక నల్లరాయి తీసుకుంది. కుప్ప మీద పెట్టబోయి, పెట్టలేక, ఎక్కడిది అక్కడే వదిలేసింది.

"తొమ్మిది రోజులు పార పట్టుకుని తవ్వుతూనే ఉన్నాడు. ఆవిడ దొరకలేదు. ఎంతమంది చెప్పినా ఆపలేదు," అన్నాడు ఎల్మెర్.

నాలుగు శీతాకాలాలుగా తెల్లారకముందే తన గుమ్మం ముందు వినిపించే పార చప్పుడు మధుమితకి గుర్తొచ్చింది. ఆయన ఇంకా ఆపలేదు.