మూడో మనిషి

"ఇద్దరే ఉన్నారు. మూడో మనిషేరీ?" అంటూ పోలీసు పిల్ల కారులోకి తొంగి చూసింది.

మా హైవే మీద ఓ పక్క లైనుంది. అందులో ఇద్దరెక్కిన బండికి సగం టోలే. ఎవరెక్కారో, నమోదు చేసుకున్న ఫోన్లను బట్టి వాళ్లకు తెలుస్తుంది.

"మిషనుదే తప్పు మేడం," అన్నాడు నా కొడుకు క్లేటన్.

"వెర్నా అని చూపిస్తోందే! ఎవరావిడ?"

నేనన్నాను. "నా భార్యమ్మా. మార్చిలో చనిపోయింది."

సీటు పక్క డబ్బాలోంచి ఛార్జింగు తీగ వేలాడుతోంది. లాగాను. వెర్నా ఫోను వచ్చింది. అందులో ఆమె గొంతు రికార్డై ఉంది. అది ఇమ్మని ఆర్నెల్లుగా క్లేటన్‌ని అడుగుతున్నాను.

"పాడైందన్నావు కదరా?"

"అది బండిలో ఉంటే ఇద్దరున్నట్టు లెక్క, రోజూ ఆఫీసుకు సగం టోలు మిగులుతుంది నాన్నా. చచ్చినావిడకి ఫోనెందుకు?"

"ఛీ! మీ అమ్మరా అది!"

పోలీసు పిల్ల తల తిప్పుకుంది. "ఇవాళ మీరు నిజంగానే ఇద్దరున్నారు. జరిమానా రాయలేను. వెళ్లండి."

ఫోను జేబులో వేసుకుని, తలుపు తీసి దిగాను.

"నడిరోడ్డు మీద ఎక్కడికి నాన్నా?"

తలుపు వేశాను.

"ఇప్పుడు బండిలో వాడొక్కడే ఉన్నాడు," అన్నాను ఆ పిల్లతో. "రాయమ్మా."