కదలకూడని రాయి

ఆ చెరువులో ఎవరి రాయి మీద వాళ్లే కూర్చోవాలి. ఎండలకు నీళ్లు వెనక్కి పోతుంటే, పెత్తనం చేసే కొంగ కుర్ర కప్పల రాళ్లను నీళ్ల దగ్గరికి జరిపించింది. ముసలివాళ్ల రాళ్లు జరపలేదు.

"తడి లేక వీపు పగిలిపోతోంది, కొంగయ్యా! నా రాయి కూడా జరిపించు," అంది ముసలి తాబేలు.

"వయసు మళ్లినవాళ్లది కదపకూడదు, అది రూలు. అయినా నీ రాయి ఎవరన్నా లాక్కున్నారా తాతా? ఎక్కడిదక్కడే ఉందిగా!"

"ఉందిలే అయ్యా. మరి చెరువు వయసులో నాకంటే పెద్దదిగా, అదెట్టా కదులుతోంది?"

కొంగ గబగబా నీళ్లవైపు పరుగెత్తింది.

"ఏయ్ చెరువూ, ఆగు! నీ వయసెంత?"

ఆ సందులో తాబేలు, ముసలి కప్పలు కలిసి తమ రాళ్లను నీళ్లదాకా తోసుకున్నాయి. కొంగ ఇంకా చెరువును వయసు అడుగుతూనే ఉంది.