దాది కొడుకు

“ఆయుధాలు దించినవాళ్ళ మీద చెయ్యి వేశారో, నరికేస్తాను!” కోట గుమ్మం ముందు నిలబడి తన సైనికుల మీద అరిచాడు కెప్టెన్ గిల్‌క్రిస్ట్.

స్వీడన్ రాజు దగ్గర జీతానికి పోరాడుతున్న స్కాట్లండ్ దళం అది. ఆ ఉదయమే జర్మన్ కోట లొంగిపోయింది. ప్రాణాలతో పోనిస్తానని లోపలివాళ్ళకు మాటిచ్చింది గిల్‌క్రిస్టే. కానీ ముందురోజు చేతికి చిక్కిన పదకొండు మంది స్కాట్ల గొంతులు కోసి నదిలో తోసింది ఆ లోపలివాళ్ళే.

ఖైదీలు బయటికి అడుగుపెట్టగానే దళంలోంచి తుపాకీ పేలింది. ఖైదీల్లో ముందు నడుస్తున్న ముసలి సైనికుడు తల పగిలి పడిపోయాడు. దళమంతా విరుచుకుపడింది. అందరికంటే ముందు గొడ్డలెత్తి పరుగెత్తుకొస్తున్నాడు సార్జెంట్ టార్క్విల్. గిల్‌క్రిస్ట్‌కు పాలిచ్చి పెంచిన దాది కొడుకు.

“టార్క్విల్, ఆగరా!”

అతను ఆగలేదు. గిల్‌క్రిస్ట్ కత్తి పిడి దాకా అతని పొట్టలో దిగింది.

కూలిపోతున్నవాణ్ణి రెండు చేతులా పట్టుకుని నేల మీద కూర్చుండిపోయి, “ఆగమన్నాను కదరా!” అన్నాడు గిల్‌క్రిస్ట్.

“ఒక్కడివే ఉన్నావని... నీ పక్కన నిలబడదామని వచ్చాన్రా.” టార్క్విల్ నోట్లోంచి రక్తం పొంగింది. “వీళ్ళందర్నీ ఇంక ఒక్కడివే ఎలా ఆపుతావు?”

వెనక ఉన్నవాళ్ళంతా ఆ మాట విన్నారు. ఎత్తిన కత్తులు గాల్లోనే నిలిచిపోయాయి.

గిల్‌క్రిస్ట్ తలెత్తలేదు. “నడవండి,” అన్నాడు ఖైదీలతో.

వాళ్ళు ఒక్కొక్కరే అతని పక్కనుంచి వెళ్ళారు. ఆఖరివాడు వెళ్ళిపోయాక కూడా గిల్‌క్రిస్ట్ టార్క్విల్ తలను ఒళ్ళోంచి దించలేదు.